ధర పడ్తది.. అప్పు పడది!

మా ఇంటెనుక ఒక గోడ ఉంటది. గోడకు ఇవతల మా నాయిన కల్లం. అవతల మా చిన్నాయిన కోళ్ల షెడ్డు. నాయిన మక్కలు పండిస్తడు, చిన్నాయిన కోళ్లు పెంచుతడు. కోడి తినే దాణల సగానికి పైగా మక్కలే ఉంటయి. అంటే ఇవతల పండింది అవతల తినుడే.

కానీ ఇద్దరి లెక్కలు ఎన్నడూ ఒక దిక్కు నడవయి. మక్కలకు రేటొచ్చిన ఏడు నాయిన ముఖం వెలుగుతది, చిన్నాయిన ముఖం మాడుతది. మక్కలు అగ్గువైన ఏడు చిన్నాయిన కొత్త బండి గురించి మాట్లాడుతడు, నాయిన అడ్తి కాడికి పోయి మిత్తి గురించి మాట్లాడుతడు. పండుగకు మటన్ ఎవరు తెచ్చిండ్రో చూస్తే చాలు, ఆ ఏడు ఎవరికి కలిసొచ్చిందో మా అవ్వ చెప్పేది. ఒకరికి తక్కువైతే ఇంకొకరికి ఎక్కువ. ఇల్లు మాత్రం నడిచేది.

2020ల ఇద్దరూ ఒక్కసారే పడ్డరు. ఆ ఏడే నాకు ఆర్థిక సంక్షోభం అంటే ఏందో సమజైంది. టీవీల షేర్ మార్కెట్ గీత ఎర్రగై కిందికి దిగుతుంటే సంక్షోభం అంటరు. మా ఊర్ల దాని గుర్తు వేరే. మామూలు రోజులల్ల ఒకరి నష్టం ఇంకొకరి లాభమైతది. సంక్షోభంల అమ్మేటోడు, కొనేటోడు కలిసి మునుగుతరు. అప్పుడు ఎవరు తేలుతరు అనేది కష్టం మీద ఆధారపడది, ఎవరు ఎన్ని రోజులు ఆగగలరు అన్నదాని మీద ఆధారపడతది. ఈ ముచ్చటే ఇయ్యాల మీతోని చెప్పాలనుకుంటున్న.

ఉగాది నాడు ఊరంతా కోడికూరే

యాదికి తెచ్చుకోండ్రి. 2020 ఫిబ్రవరి. కరోనా మన దిక్కు ఇంక పూర్తిగా రాలేదు, కానీ వాట్సాప్‌ల మాత్రం వచ్చేసింది. కోడి తింటే కరోనా వస్తదని ఒక మెసేజ్. ఎవడు పుట్టించిండో తెల్వది, ఫోన్ ఉన్నోడల్లా పంపిండు. అండ్ల నేను కూడా ఉన్న. మా చిన్నాయిన షెడ్డుల ఐదు వేల కోళ్లు ఉన్నయని తెలిసీ, కాలేజీ గ్రూపుల ఫార్వర్డ్ చేసిన. ఆ సిగ్గు ఇప్పటికీ పోలే.

ఫిబ్రవరి ఆఖరున హైదరాబాద్‌ల మంత్రులు స్టేజీ మీద నిలబడి చికెన్ తిన్నరు, భయం లేదని చూపించనీకి. జనం చూసిండ్రు, నవ్విండ్రు, కోడి మాత్రం కొనలే. కిలో బతికిన కోడి పెంచనీకి చిన్నాయినకు డెబ్బై, ఎనభై రూపాయలు పడేది. ఫారం కాడికొచ్చి ఇరవైకి అడిగేటోడు కూడా లేకుండె.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలె. బాయిలర్ కోడి ఆరు వారాల పంట. ఆరు వారాలకు రెండు కిలోలు దాటుతది. ఆ వయసుల ఐదు వేల కోళ్లు రోజుకు తొమ్మిది క్వింటాళ్ల దాకా దాణ తింటయి. అంటే అమ్ముడుపోని ఒక్కొక్క రోజుకు దగ్గర దగ్గర ముప్పై వేల రూపాయల దాణ. ఫ్యాక్టరీల మాలు అమ్ముడుపోకుంటే మిషిన్ బంద్ పెడ్తరు. కోడికి స్విచ్ ఉండది. ఆకలి ఆగది. వారం చూద్దాం, రేటొస్తదేమో అంటే ఆ వారం ఖర్చు రెండు లక్షలు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. అదే రోజు ఉగాది. చిన్నాయిన షెడ్డు తలుపు తీసి, "ఎవరికి కావాల్నంటే వాళ్లు పట్కపోండ్రి" అన్నడు. ఊరంతా ఉగాదికి మా కోళ్లే తిన్నది. నాయిన కూడా తిన్నడు. తినుకుంట ఒకే ఒక్క మాట అన్నడు: "రేపు నా మక్కలు ఎవరు తింటర్రా?"

అదే అసలు ప్రశ్న. కోళ్లు లేకుంటే దాణ మిల్లు నడువది. మిల్లు నడువకుంటే మక్కలు కొనేటోడు లేడు. అప్పుడే మా యాసంగి మక్క కోతకొస్తున్నది. చికెన్ మీద పుట్టిన ఒక అబద్ధం, రెండు నెలలల్ల గోడ దుంకి మా కల్లంల పడ్డది.

ఆ యాసంగిల రాష్ట్ర సర్కారు ఊర్లల్లనే సెంటర్లు పెట్టి కొంటనన్నది, మార్క్‌ఫెడ్ తోని మద్దతు ధర 1,760కి కొన్నది. ఒప్పుకోవాలె, అది లేకుంటే మా ఊరు ఇంకా మునిగేది. కానీ మా నాయినకు ఉన్నదాంట్ల సగం భూమి కౌలుది. కౌలు పైసల కోసం పట్టాదారు ఆగలే, మందుల షావుకారి ఆగలే. సెంటర్ తెరిచే లోపే సగం మక్కలు బయట దలారికి పోయినయి. ఆయన ఇచ్చింది ఆయనకు తోచిన రేటు.

ఇంక ఒక ముచ్చట ఉన్నది. మక్కలు ఇట్ల అడిగే దిక్కులేక ఉన్నప్పుడే, అదే ఏడు జూన్‌ల కేంద్రం 5 లక్షల టన్నుల మక్కజొన్నను బయటి దేశాల నుంచి తెచ్చుకునేటందుకు అనుమతి ఇచ్చింది. మామూలుగ 50 శాతం ఉండే దిగుమతి సుంకం, ఈ కోటాకు 15 శాతమే. అండ్ల నిజంగ ఎంత దిగింది అన్నది పక్కకు పెట్టండ్రి. వ్యాపారికి సైగ అందింది: "తొందరపడకు, ఎక్కువ పెట్టకు." మార్కెట్‌ల ఆ సైగే సగం రేటు.

మరి కోడి సంగతి? ఏప్రిల్ ఆఖరు వరకు జనానికి భయం పోయింది. మే నెలల హైదరాబాద్‌ల చికెన్ రేటు ఆకాశానికి పోయింది. ఎందుకు పోదు? మార్చిల పిల్లలు వేసినోడు లేడు కదా. ఆ రేటు మా చిన్నాయినకు వచ్చిందా? ఖాళీ షెడ్డుకు ఏం రేటొస్తది! కంపెనీలకు హేచరీ ఉన్నది, బ్యాంకుల మాట చెల్లుతది, రెండు నెలలు ఆగగలవు. ఆగినోళ్లే మే నెల రేటు తిన్నరు. చిన్నాయిన మీద మాత్రం దాణ డీలర్ కాడ అప్పు మిగిలింది.

ధర ఒక తీరు, అప్పు ఇంకో తీరు

ఇక్కడే రైతు గుట్టు అంతా ఉన్నది. ధర అంగట్ల పుడ్తది, పొద్దుకొక తీరుగ మారుతది. అప్పు కాయితం మీద పుడ్తది, మారది. విత్తనం కొన్ననాడు ఎంత రాసుకున్నమో, పంట అమ్మిననాడు అంత కట్టాలె, మిత్తి మీదికెల్లి. మక్కలు 2,200 ఉన్ననాడు యాభై వేల అప్పు తీర్చాలంటే ఇరవై మూడు క్వింటాళ్లు అమ్మితే చాలు. అవే 1,400 అయినయనుకో, ముప్పై ఆరు క్వింటాళ్లు అమ్మాలె. అప్పు పెరగలే, కానీ పెరిగినట్టే అయింది. అదే చేను, అదే చెమట, పదమూడు క్వింటాళ్లు ఎక్కువ పోయినయి.

ఇది ఇయ్యాల పుట్టింది కాదు. 1929ల అమెరికా షేర్ మార్కెట్ కూలింది. ఆ దెబ్బకు ప్రపంచమంతా పంటల రేట్లు పడ్డయి. కృష్ణా, గోదావరి డెల్టాల వడ్ల ధర, మద్రాసు ప్రెసిడెన్సీ అంతట పల్లీల ధర కుప్పకూలినయి. న్యూయార్క్ పేరు ఎన్నడూ వినని రైతు ఇక్కడ భూమి అమ్ముకున్నడు. ఎందుకంటే ధర పడ్డది గాని సర్కారు శిస్తు పడలే, షావుకారి నోటు పడలే. ఎన్.జి. రంగా అసొంటోళ్లు రైతులను కూడగట్టి శిస్తు మీద, అప్పుల మీద కొట్లాడింది ఆ కాలంలనే. ఆఖరికి 1938ల మద్రాసు సర్కారు రైతుల అప్పులు తగ్గించేటందుకు చట్టమే తేవాల్సి వచ్చింది. అంటే ధర పడ్డప్పుడు అప్పు కూడా దిగాలె అని అప్పటి పాలకులకే అర్థమైంది. తొంభై ఏండ్లు కావస్తున్నది, మనం ఇంక అదే దరఖాస్తు పట్టుకుని తిరుగుతున్నం.

2020 మార్చిల రిజర్వ్ బ్యాంకు కిస్తీలకు మూడు నెలల గడువు ఇచ్చింది, తర్వాత ఆగస్టు దాకా పొడిగించింది. మంచిదే. కానీ మిత్తి నడుస్తనే ఉన్నది. ఇంక మా చిన్నాయిన అప్పు బ్యాంకుల లేదు, దాణ డీలర్ కాడ ఉన్నది. నాయిన అప్పు మందుల దుకాణంల ఉన్నది. ఆ పద్దు పుస్తకాలకు రిజర్వ్ బ్యాంకు ఎక్కడిది?

రేటు పెరిగితే సర్కారుకు నిద్ర పట్టది

ఇప్పుడు రెండో దిక్కు చూద్దాం. సంక్షోభం అంటే రేట్లు పడుడే కాదు, పెరుగుడు కూడా.

2021 ఎండకాలం దాటేసరికి సోయా రేటు ఎగిరింది. దేశంల పంట తక్కువ, బయట ప్రపంచంల గిరాకీ ఎక్కువ. సోయా గింజలు క్వింటాలు పది వేల దగ్గరికి పోయినయి. కోళ్ల దాణల మక్కల తర్వాత పెద్ద ఖర్చు సోయా చెక్కదే, కోడికి కండ పెట్టేది అదే. కోళ్ల రైతులు లబలబలాడిండ్రు. ఆగస్టు 24న కేంద్రం 12 లక్షల టన్నుల సోయా చెక్క దిగుమతికి తలుపు తీసింది. జన్యుమార్పిడి సోయా నుంచి వచ్చిన చెక్కకు మన దేశం ఒప్పుకున్నది అదే మొదటిసారి.

అప్పటికే ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి దిక్కు రైతులు "ఈసారి సోయా బంగారం" అనుకొని విత్తనం పెట్టి రెండు నెలలు దాటింది. కోతకొచ్చేసరికి రేటు దాదాపు సగానికి దిగింది. మద్దతు ధర కంటే ఎక్కువే ఉన్నదిగా అని లెక్కలు చెప్పేటోళ్లు ఉంటరు. నిజమే. కానీ రైతు విత్తనం కొన్నది, కౌలు మాట్లాడింది పెరుగుతున్న రేటు చూసి. ఆట నడుమల నియమం మారింది.

ఇట్ల ఒక్కసారే కాలే. 2008ల ప్రపంచమంతా తిండిగింజల రేట్లు మండినప్పుడు, కోళ్ల పరిశ్రమ, గంజి పరిశ్రమ అడిగితే జులైల మక్కల ఎగుమతి బంద్ పెట్టిండ్రు. 2022 మే 13న గోధుమల ఎగుమతి బంద్. 2023 జులై 20న తెల్ల బియ్యం ఎగుమతి బంద్, మళ్ల తెరిచింది 2024 సెప్టెంబర్ ఆఖరున. 2023 డిసెంబర్‌ల ఉల్లిగడ్డ ఎగుమతి బంద్. ఈ తారీఖులన్నీ పక్కపక్కన పెట్టి చూడండ్రి. రేటు పెరిగిన ప్రతిసారి సర్కారు రాత్రికి రాత్రి ఉత్తర్వు ఇచ్చింది. రేటు పడ్డప్పుడు అదే తీరుగ రాత్రికి రాత్రి ఏమన్న వచ్చిందా? సెంటర్ తెరువాలంటే కమిటీ, గోనె సంచులు, తేమ మిషిన్, టోకెన్లు.. పదిహేను రోజులు.

ఒక మాట మాత్రం నిజాయితీగ చెప్పాలె. రేట్లు అదుపుల పెట్టుడు తప్పని నేను అంటలేను. మా ఊర్లనే కైకిలికి పోయేటోళ్లు ఎక్కువ. వాళ్లు నూనె కొనాలె, గుడ్డు కొనాలె. 2022ల ఉక్రెయిన్ యుద్ధంతోని పొద్దుతిరుగుడు నూనె ఆగి, ఏప్రిల్ 28 నుంచి ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి మూడు వారాలకు పైగా బంద్ పెట్టినప్పుడు, మా వాడకట్టుల కిలో ప్యాకెట్ కొనేటోళ్లు పావుకిలో కొన్నరు. వాళ్ల బాధ బాధ కాదా? పేదోని పళ్లెం కాపాడాల్సిందే. నా ప్రశ్న ఒక్కటే: ఆ పళ్లెం కాపాడే ఖర్చు ఎవరు పెట్టాలె? ఖజానా పెట్టాల్నా, రైతు పెట్టాల్నా? ఎగుమతి బంద్ పెట్టిననాడు ఖజానా నుంచి రూపాయి పోదు. ఆ రాయితీ అంతా రైతు జేబుల నుంచే పోతది. చెక్కు మీద సంతకం ఆయనది, పేరు ఇంకొకరిది.

కొనేటివి పైకి, అమ్మేటివి కిందికి

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి పోయింది. మా ఊరికీ, ఆ యుద్ధానికీ ఏం సంబంధం? పొటాష్ బస్తా. మన దేశం వాడే పొటాష్ అంతా దాదాపు బయటి నుంచే వస్తది. రష్యా, బెలారస్ పెద్ద అమ్మకందార్లు. 2021 మొదట్ల వెయ్యి లోపు దొరికిన పొటాష్ బస్తా 2022ల 1,700 అయింది. యూరియా 266 రూపాయల 50 పైసల కాడ, డీఏపీ 1,350 కాడ ఆగినయంటే కేంద్రం సబ్సిడీ పోసింది కాబట్టి. 2022–23ల ఎరువుల సబ్సిడీ దాదాపు రెండున్నర లక్షల కోట్లు. అది పోయకుంటే పల్లెలు మునిగేటివి. ఖజానా తలుచుకుంటే దెబ్బను తన మీద వేసుకోగలదని ఇదే సాక్ష్యం. ఎరువు కాడ చేసింది, పంట కాడ ఎందుకు చేయది?

సబ్సిడీ ఉన్నా పొటాష్ రేటు చూసి మా నాయిన ఆ ఏడు పొటాష్ మానేసిండు. కంకి గింజ పలుచగ పట్టింది.

గోడ అవతల చిన్నాయిన ఇంక పెద్ద నిర్ణయం తీసుకున్నడు. సొంతంగ పిల్లలు కొని, దాణ కొని, రేటు కోసం ఎదురుచూసే ధైర్యం ఆయనకు లేకుంటైంది. ఒక కంపెనీతోని ఒప్పందానికి పోయిండు. పిల్లలు కంపెనీయి, దాణ కంపెనీది, మందులు కంపెనీయి. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, రాత్రి జాగారం మాత్రం మనయి. కోడి పెరిగినంక కిలోకు ఇన్ని రూపాయలని పెంపుడు కూలి. మార్కెట్‌ల రేటు పడ్డా ఆ కూలి వస్తది. అది మంచిదే, 2020 చూసినోనికి అది వరం లెక్కనే అనిపిస్తది.

కానీ ఎండకాలం కోళ్లు చచ్చినా, కోడి దాణ ఎక్కువ తిని బరువు తక్కువ తూగినా కోత చిన్నాయిన కూలిల పడ్తది. పిల్లల బ్యాచ్ బలహీనంగ వచ్చినా అంతే. రేటు బాగలేని కాలంల కంపెనీ కొత్త బ్యాచ్ వేయకుంట నెల, రెండు నెలలు షెడ్డు ఖాళీ పెడ్తది. షెడ్డుకు తెచ్చిన లోన్ కిస్తీ మాత్రం ఖాళీ ఉండది. ఒప్పందం కాయితం అడిగితే "సంతకం పెట్టినవు కదా" అన్నరు. కాపీ ఇయ్యలే. సంతకం పెట్టింది ఇంగ్లిష్ కాయితం మీద.

సంక్షోభం ఒక్క ఏడు నష్టపెట్టి పోదు. చిన్న రైతును యజమాని నుంచి కూలికి దించి పోతది. రేట్లు మళ్ల వస్తయి, ఆ యజమాని మళ్ల రాడు. లెక్కలల్ల "కోళ్ల పరిశ్రమ కోలుకున్నది" అని రాస్తరు. పరిశ్రమ కోలుకున్నది నిజమే. చిన్నాయిన కోలుకున్నడా అని ఎవరూ రాయరు.

ఇది మా గోడ కాడి కథనే అనుకోకండ్రి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి తీసుకపోయింది. ఆ దెబ్బ ముందుగ తాకింది గోదావరి, కృష్ణా జిల్లాల రొయ్యల చెరువులకు. మన రొయ్యలకు పెద్ద గిరాకీ అమెరికానే. ఎగుమతిదారు తన మీద పడ్డ భారం రైతుకు ఇచ్చే రేటుల కోసుకుంటడు. చెరువుల రొయ్య కూడా కోడి తీరే, ఆగమంటే ఆగది, మేత అడుగుతది, రోగం భయం. దేశం వేరే, సరుకు వేరే, సూత్రం ఒక్కటే. దెబ్బ పైన పడ్తది, కిందికి జారుకుంట వచ్చి, ఇంక జారనీకి జాగ లేనోని కాడ ఆగుతది.

ఈ ఏడు మక్కలు: బియ్యం అగ్గువ, మక్కలు పిరం!

ఇగ మొన్నటి ముచ్చట. 2023 నుంచి పెట్రోల్‌ల కలిపే ఇథనాల్ కోసం మక్కలు కొనుడు పెరిగింది. రెండేండ్లు మక్కలకు మంచి గిరాకీ. 2024–25కు వచ్చేసరికి దేశంల ఇథనాల్‌కు పెద్ద ముడిసరుకు మక్కజొన్ననే అయింది. నాయిన సంబురపడ్డడు. ఊర్ల పత్తి తీసి మక్క వేసినోళ్లు ఉన్నరు.

2025 జనవరిల కేంద్రం ఇథనాల్ ఫ్యాక్టరీలకు ఇచ్చే ఎఫ్‌సీఐ బియ్యం రేటు క్వింటాలుకు 2,800 నుంచి 2,250కి దించింది. గోదాముల బియ్యం ఎక్కువున్నయి, ఖాళీ చేయాలె. వాళ్ల కష్టం వాళ్లది. కానీ 2025–26కు మక్కల మద్దతు ధర ఎంత? 2,400. అంటే ఫ్యాక్టరీవాడు మద్దతు ధర పెట్టి మక్క కొనేకంటే సర్కారు బియ్యమే అగ్గువ. అసొంటప్పుడు మక్కకు 2,400 ఎవడు పెడ్తడు? ఒక చేతితోని మద్దతు ధర రాసుడు, ఇంకో చేతితోని దాన్ని కింద నుంచి గుంజుడు.

దసర దాటినంక మా రోడ్డు పొడుగునా మక్కలు ఆరబోసినం. అడ్తిదారు మద్దతు ధర కంటే ఐదు వందలు తక్కువ చెప్పిండు. సర్కారు మార్క్‌ఫెడ్ తోని 2,400కి కొంటనన్నది. సంతోషం. సెంటర్ కోసం ఎదురుచూస్తుండంగనే అక్టోబర్ ఆఖరున మొంథా తుఫాను వచ్చింది. తార్పాలిన్ కింద మక్కలు మొలకలెత్తినయి. సెంటర్ల తేమ 14 శాతం లోపు ఉండాలె. వానల తడిసిన మక్కకు ఆ లెక్క ఎట్ల కుదురుతది? మళ్ల సగం దలారికే పోయింది. 2020ల ఏం జరిగిందో 2025ల అదే జరిగింది. నడుమల ఐదేండ్లు, నాయిన జుట్టు తెల్లబడుడు తప్ప ఏం మారలే.

మరి ఏం అడుగుదాం?

ఊకె ఏడ్చి ఊకుంటే లాభం లేదు. నాకు తోచినయి నాలుగు చెప్తున్న. మీకు ఇంక మంచియి తోచొచ్చు.

ఒకటి, ఆట మొదలుపెట్టేటప్పుడే నియమం చెప్పాలె. దిగుమతి సుంకం, ఎగుమతి బంద్, ఎఫ్‌సీఐ బియ్యం రేటు, వీటి మీద నిర్ణయం విత్తనానికి ముందు రావాలె. విత్తినంక మార్చాల్సి వస్తే, ఆ తేడా ఖజానా భరించాలె.

రెండు, కొనుగోలు సెంటర్ తారీఖు కోతకు ముందు ఉండాలె, కోత తర్వాత కాదు. పట్టా పాస్‌బుక్కు లేని కౌలు రైతు తన పేరు మీద తాను అమ్ముకునే తొవ్వ ఉండాలె. ఇయ్యాల కౌలుదారు తన పంటను పట్టాదారు పేరు మీద అమ్మి, పైసలు ఆయన ఖాతాల పడ్డంక బతిమాలుకోవాల్సి వస్తున్నది.

మూడు, కరువొస్తే, వరదొస్తే బ్యాంకులు పంట లోన్ గడువు పొడిగించే పద్ధతి ఉన్నది. ధర కూలినప్పుడు కూడా అదే పద్ధతి రావాలె. వాన పడక పంట పోతే ప్రకృతి వైపరీత్యం. పంట పండి ధర పోతే? రైతు ఇంట్ల రెండిటికి తేడా ఏం లేదు.

నాలుగు, కోళ్లకైనా, విత్తన పంటకైనా కంపెనీ ఒప్పందం తెలుగుల ఉండాలె, ఒక కాపీ రైతు చేతుల ఉండాలె. చచ్చిన కోడి లెక్క ఎవరిది, ఖాళీ నెల కిస్తీ ఎవరిది, రాసి ఉండాలె.

సర్కారు చేసేదాకా మనం చేసుకునేది కూడా ఒకటున్నది. ముందే అన్న కదా, ఆగగలిగినోడే తేలుతడు. ఆగే తొవ్వలు కొన్ని కాయితం మీద ఉన్నయి, ఊర్ల ఎవరికీ తెల్వదు. గుర్తింపు ఉన్న గోదాముల పంట పెడితే రసీదు ఇస్తరు. దాని మీద బ్యాంకు లోన్ వస్తది. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న రైతుకు ఆరు నెలల దాకా తక్కువ మిత్తికే వస్తది. మా ఊర్ల నేను పదిహేను మందిని అడిగిన, ఒక్కరికీ తెల్వదు. మీ మార్కెట్ యార్డుకు పోయి దగ్గర్ల అసొంటి గోదాం ఏడున్నదో అడుగుండ్రి. లేకుంటే ఎందుకు లేదో అడుగుండ్రి. ఫోన్ మన చేతుల ఉన్నది. ఆ ఫోన్‌తోనే నేను ఒకనాడు చిన్నాయిన కడుపు మీద కొట్టిన. అదే ఫోన్‌ల ఇప్పుడు సుంకం మారిన రోజు, సెంటర్ తెరిచిన రోజు, అడ్తి రేటు రాసి ఊరి గ్రూపుల పెడ్తున్న. రెండు సీజన్ల తారీఖులు పక్కపక్కన పెట్టి చూపిస్తే, ఓటు అడుగవచ్చినోడు కూడా నీళ్లు నమిలిండు.

మొన్న దీపావళికి నాయిన, చిన్నాయిన గోడ మీద కూసొని మాట్లాడుతుంటే విన్న. ఒకనాడు మక్కల రేటు మీద ఇద్దరు కొట్లాడుకునేటోళ్లు. ఇప్పుడు ఇద్దరి కాడ ఒక్కటే లెక్క, మిత్తి ఎంత అయిందని. ఇన్నేండ్లు వాళ్లిద్దరు ఒకరి నష్టం ఇంకొకరి లాభమనే అనుకున్నరు. మక్క రైతును కోళ్ల రైతు మీద, రైతును కైకిలోని మీద, పల్లెను పట్నం మీద ఎగేసినన్ని రోజులు పైన ఉన్నోనికి ఏ లెక్కా అప్పజెప్పే పని ఉండది. గోడకు రెండు దిక్కుల ఉన్నోళ్లు ఒక్కటే కాయితం పట్టుకొని పోయిననాడు, ధరతోని పాటు అప్పు కూడా ఎందుకు దిగది అని గట్టిగ అడుగొచ్చు.

ఈ యాసంగికి నాయిన మళ్ల మక్కనే వేస్తనంటున్నడు. చిన్నాయిన షెడ్డు ఖాళీగ ఉన్నది, కంపెనీ బండి కోసం ఎదురుచూస్తున్నడు. అడ్తి కాడి పద్దు పుస్తకంల మాత్రం ఇద్దరి పేర్లు ఒకే పేజీల ఉన్నయి.